లెక్కల మాస్టారి పార్లమెంటు

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సెలవుల నిబంధనలు, బదిలీల గొడవ, హెడ్మాస్టరు మీద ఫిర్యాదులు అన్నీ అయ్యాక కాఫీ తాగుతూ ఎవరో ఒకరు అడుగుతారు. "మాస్టారూ, మీరు ఐదేళ్ళు ఎంపీగారి దగ్గర పీఏగా చేశారట కదా. టీచరు రాజకీయాల్లోకి వెళితే ఎలా ఉంటుందండీ?" అడిగినవాడి కళ్ళు చూస్తేనే తెలిసిపోతుంది, అది జనరల్ నాలెడ్జి కోసం అడిగిన ప్రశ్న కాదని. ఇన్నాళ్ళూ "ఢిల్లీలో చలి ఎక్కువ నాయనా" అని తప్పించుకున్నాను. మొన్న ఆ ఎంపీగారే, అంటే మాజీ ఎంపీగారే, "రాయండి. పేర్లు వద్దు. నా గురించి మెత్తగా మాత్రం రాయకండి" అన్నారు. అందుకని రాస్తున్నాను.

నేను తెలుగు పండితుణ్ణి. ఆయన లెక్కల మాస్టారు. పర్చూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చాలా ఏళ్ళు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. పక్క గది అని పేరే గానీ ఆయన గొంతు ముందు గోడ ఒక లెక్క కాదు. నేను ఇటు పద్యం ఎత్తుకోగానే అటు నుంచి "ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్!" అని ఉరిమేది. మా తరగతి పిల్లలు పద్యం మధ్యలో "ప్లస్ టూ ఏబీ" అని అందుకునేవాళ్ళు. పరీక్షలో ఒకడు ప్రతిపదార్థంలో కూడా అదే రాశాడు. అర మార్కు వేశాను, గుర్తుపెట్టుకున్నందుకు.

మనిషి మాత్రం నిక్కచ్చి. ఇస్త్రీ మడత చెడని తెల్లచొక్కా, జేబులో సుద్దముక్క. గంట కొట్టేలోపు పాఠం అయిపోవాలి, ముందూ కాదు వెనకా కాదు. టీచర్ల సంఘంలో కూడా ఆయనే నాయకుడు. కలెక్టరాఫీసు ముందు ధర్నా చేస్తే మాకు మైకు అక్కర్లేదు, ఆయన్ని నిలబెడితే చాలు. కలెక్టరుగారు కిటికీలు మూయించుకున్న సందర్భాలు ఉన్నాయి.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో ఒకడు బాగా పైకొచ్చాడు. చిలకలూరిపేట హైవే మీద పెద్ద పత్తి జిన్నింగ్ మిల్లు, మిర్చికి కోల్డ్ స్టోరేజీలు, పది మందిని వెంటేసుకు తిరిగే కారు. పేరు అక్కర్లేదు, అందరూ మిల్లాయన అంటారు. ఎనిమిదో తరగతిలో మాస్టారి చేతిలో వీపు విమానం మోత మోగించుకున్నవాడు. ఎదిగాక మా నియోజకవర్గంలో ఎవరికి టికెట్టు ఇవ్వాలో పార్టీకి చెప్పేవాడయ్యాడు. తను నిలబడటానికి లేదు, మా ఎంపీ సీటు రిజర్వుడు. నిలబడే హక్కు లేనివాళ్ళు నిలబెట్టే హక్కు దగ్గర పెట్టుకోవడం మా ప్రాంతంలో మామూలే. దానికి వాళ్ళకి కావలసింది మచ్చలేని మనిషి, మాట వినే మనిషి. మాస్టారికి మచ్చ లేదు. రెండోది వాళ్ళు చూసుకుంటారు.

ఒకరోజు ఇంటర్వెల్లో మిల్లాయన కారు బడి గేటు దగ్గర ఆగింది. స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మాస్టారూ, మీరు ఎన్నికల్లో నిలబడాలండీ."

"ఏ సంఘానికిరా?" అన్నారు ఈయన, సుద్ద దులుపుకుంటూ.

"సంఘం కాదండీ. పార్లమెంటుకి."

మేమందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. ఆ క్షణం ఆయన మొహం చూసి నాకు అర్థమైంది, ఈ మనిషి చాలా ఏళ్ళుగా పార్లమెంటుకి ఎవరో ఒక మాస్టారు అవసరమని అనుకుంటూనే ఉన్నాడని.

ఆయన భార్య కూడా టీచరే, ఎలిమెంటరీ బడిలో. నేను అక్కా అని పిలుస్తాను. ఆ సాయంత్రం నా ముందే ఆయన్ని దులిపేసింది.

"వాడు మీ కాళ్ళకి దణ్ణం పెట్టిన తీరు చూశారా? ఎద్దుని కొనేవాడు కాళ్ళు తడిమి చూసినట్టుంది."

"వాడు నా స్టూడెంటు."

"అందుకే చెప్తున్నా. మీ సంగతి మీకంటే వాడికే బాగా తెలుసు."

మాస్టారు రాజీనామా పెట్టారు. అక్క మాత్రం తన ఉద్యోగం వదలలేదు, ఢిల్లీకీ కాపురం మార్చలేదు. "ఇద్దరం ఎంపీలం అయితే ఇంట్లో అన్నం ఎవరు వండుతారు?" అంది.

ప్రచారం చూసి తీరాలి. ఓటరు కనిపిస్తే నాయకులు చేతులు జోడిస్తారు. ఈయన ఓటరు భుజం పట్టుకుని "నువ్వు ఫలానా సంవత్సరం బ్యాచి కదూ, త్రికోణమితిలో పోయావు" అనేవారు. వాడరేవులో ఎండు చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళని కూర్చోబెట్టి పార్టీ పథకాలు చెప్పి, "అర్థమైందా?" అని ఆగారు. ఎవరూ పలకలేదు. "అర్థమైందా?" అన్నారు మళ్ళీ, ఇంకాస్త గట్టిగా. "అయిందండీ" అని అందరూ ఒక్క గొంతుతో అనేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఒక ముసలావిడ నన్ను పక్కకి పిలిచి, "ఈయన గెలిస్తే రోజూ ఇట్టానే అడుగుతాడా అయ్యా?" అంది.

ఆ ఏడు గాలి పార్టీ వైపు ఉంది. గుర్తు ఉంటే చాలు, ఎవరు నిలబడ్డా గెలిచేవాళ్ళు. మాస్టారు గెలిచారు, బాగానే గెలిచారు. ఆ గాలి తన గొంతులోంచి వచ్చిందే అనుకున్నారు. నన్ను డెప్యుటేషన్ మీద పీఏగా వేయించుకున్నారు. "నాకు ప్రసంగాలు రాసే మనిషి కావాలండీ. మీకు భాష ఉంది, నాకు గొంతు ఉంది" అన్నారు. ఢిల్లీలో మా ఇద్దరికీ దొరకనిది మాట్లాడే సమయమని అప్పటికి తెలియదు.

సభ మొదటిసారి చూసి వచ్చిన రోజు ఆయన భోజనం చేయలేదు.

"ఇన్ని వందల మందికి ఒక్క క్లాసు లీడరు లేడాండీ?"

"స్పీకరుగారు ఉన్నారు కదండీ."

"ఆయన బతిమాలుతున్నారండీ! కూర్చోండి, దయచేసి కూర్చోండి అంటున్నారు. బతిమాలితే క్లాసు నిలుస్తుందా?"

అన్నిటికంటే ఆయన్ని కుంగదీసింది సీటు. ఉద్యోగమంతా వెనక బెంచీ వాళ్ళని తిట్టిపోసిన మనిషికి పార్లమెంటు వెనక బెంచీలో చోటిచ్చింది. రోజూ అందరికంటే ముందు వెళ్ళేవారు, చివర్న వచ్చేవారు. హాజరులో దేశంలోనే ముందు వరసలో ఉన్నారని పత్రికలో పడితే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరిగారు. వెళ్ళి ఏం చేస్తున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. పార్టీ చెయ్యెత్తమంటే ఎత్తేవారు, దించమంటే దించేవారు. మాట్లాడే అవకాశం ముందు బెంచీలోనే అయిపోయేది. నేను పసుపు గురించి రాశాను, పొగాకు గురించి రాశాను, చీరాల నేతగాళ్ళ నూలు ధర గురించి మనసు పెట్టి రాశాను. అవన్నీ ఆయన మా ఫ్లాట్‌లో గోడవైపు తిరిగి నాకు వినిపించేవారు. అద్భుతంగా మాట్లాడేవారు. పక్క ఫ్లాట్ ఎంపీగారు ఒకసారి తలుపు కొట్టి, టీవీ తగ్గించమన్నారు.

ఊరికి వచ్చినప్పుడు నేరుగా ఇంటికి వెళ్ళడానికి లేదు. ముందు మిల్లుకి వెళ్ళాలి. పదిమందిలో మిల్లాయన "మా గురువుగారు" అని కాళ్ళకి వంగేవాడు. మిల్లులో మాత్రం గుమాస్తా బయటికొచ్చి, "మాస్టార్ని కూర్చోమన్నారండీ" అనేవాడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చునేవారు. లోపల జిన్నింగ్ యంత్రాలు ఆడుతుంటే గాల్లో దూది పింజలు ఎగిరి వచ్చి ఆయన తల మీద, భుజాల మీద వాలేవి. పిలుపు వచ్చేసరికి ఆయన జుట్టు ఉన్నదానికంటే తెల్లబడేది. ఒకసారి లోపలికి వెళ్ళేముందు నేను దులపబోతే, "ఉండనివ్వండి, ఎంతసేపు కూర్చోబెట్టాడో వాడికీ తెలియాలి" అన్నారు. లోపలికి వెళ్ళాక మిల్లాయన వాటిని చూడలేదు. ఈయనా చెప్పలేదు.

ఇట్లా నాలుగేళ్ళు గడిచాయి. అప్పుడు వచ్చింది మిరప విత్తనాల గొడవ.

చలికాలం, మిర్చి కోతలు మొదలయ్యే రోజులు. మేము ఊళ్ళోనే ఉన్నాం. పొద్దున్నే మాస్టారి ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. రైతులు వేళ్ళతో సహా పీకిన మిరప చెట్లు మోసుకొచ్చి వాకిట్లో కుప్ప పోశారు. నడుమెత్తు చెట్లు, ముదురాకుపచ్చ, కన్నుల పండుగగా ఉన్నాయి. ఒక్క కాయ లేదు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. అందరికంటే ముందు ఒకామె ఉంది. కౌలుకి మిరప వేస్తుంది. పదో తరగతి దాకా లెక్కల్లో ఆమే ఫస్టు, నా తెలుగులో కూడా. తర్వాత పెళ్ళి చేశారు.

"చూడండి సార్, ఎంత ఏపుగా ఉందో," అంది, ఒక చెట్టు ఆయన చేతికిచ్చి. "పూత వచ్చింది, రాలింది. వచ్చింది, రాలింది. కాయ పడలా."

"మందు సరిగ్గా కొట్టారా?"

"అందరం అదే మందు కొట్టాం సార్. నా గట్టు పక్కనాయన వేరే కంపెనీ విత్తనం ఏశాడు. అదే నేల, అవే నీళ్ళు. ఆయనది ఎర్రగా విరగ్గాసింది. మాది ఇట్టా ఉంది. కంపెనీ వాళ్ళేమో బొబ్బర తెగులంటన్నారు. బొబ్బరైతే ఆకు ముడుచుకోదా సార్?"

ఆయన ఆకు తిప్పి చూశారు. ఆకు సాఫుగా ఉంది. చాలా కాలం తర్వాత ఆయన మొహంలో లెక్కల మాస్టారు కనిపించారు. "అన్నీ సమానమై ఒక్కటే తేడా ఉంటే, కారణం ఆ ఒక్కటే," అన్నారు. అరుగు ఎక్కారు. వీధి చివరిదాకా వినపడేట్టు, "విత్తనం నకిలీది! నేను పార్లమెంటులో నిలదీస్తాను! అర్థమైందా?" అన్నారు.

"అయింది సార్!" అన్నారు అందరూ. ఆమె ఏడ్చింది కూడా.

వాళ్ళు వెళ్ళాక నేను లోపలికి వెళ్ళి చెప్పాను. "సార్, ఆ విత్తనాల కంపెనీ మిల్లాయన బావమరిదిది."

"తెలుసు."

"మరి?"

"వాళ్ళు నా పిల్లలండీ."

"మిల్లాయన కూడా మీ పిల్లవాడే కదండీ."

"అదేనండీ వచ్చిన చిక్కు," అని చెట్టు బల్ల మీద పెట్టారు.

ఆ వెంటనే వచ్చిన పార్లమెంటు సమావేశాల్లో రైతుల సమస్యల మీద చర్చ పెట్టారు. మా పార్టీ ముందు బెంచీ ఆయన ఎవరికో గొంతు పట్టేసిందట, మాస్టారికి మూడు నిమిషాలు దొరికాయి. ఇద్దరం పండగ చేసుకున్నాం. విత్తనాల మీద పదునైన ప్రసంగం రాశాను. ఆయన రెండు రోజులు గోడకి వినిపించారు. ముందురోజు మధ్యాహ్నం మిల్లాయన ఢిల్లీ ఫ్లాట్‌లో దిగాడు, చేతిలో గోంగూర పచ్చడి సీసాతో.

"మా ఆవిడ పంపిందండీ. ఇక్కడ మీకు నోటికి ఏం బాగుంటది," అని కూర్చున్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. బెదిరింపు అన్నది ఒక్క మాట లేదు. "రేపు మాట్లాడుతున్నారంటగా మాస్టారూ. నాకెంత సంతోషంగా ఉందో. మరి రైలు సంగతి అడగండి. చీరాల పక్కన మన చిన్న స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఆగితే రైతులకి ఎంత మేలు! సరుకు, మనుషులు..."

"విత్తనాల సంగతిరా," అన్నారు మాస్టారు.

"అది మా బావమరిదితో నేను మాట్లాడతాగా. ఇంట్లో మనిషి. మీరు సభలో పేరెత్తితే పత్రికలోళ్ళు మీ వెనకే పడతారు. మీకెందుకండీ తలనొప్పి. ఈసారి టికెట్టు సంగతి కూడా చూడాలి, ఎవడో బ్యాంకు ఆఫీసరు తిరుగుతున్నాడు పార్టీ ఆఫీసు చుట్టూ." లేచి, కాళ్ళకి దణ్ణం పెట్టి, నా వైపు తిరిగి, "తెలుగు మాస్టారూ, రైలు గురించి మీరు రాస్తే కవిత్వంలా ఉండాలి," అన్నాడు.

అతను వెళ్ళాక మాస్టారు చాలాసేపు పచ్చడి సీసా మూత తిప్పుతూ కూర్చున్నారు. చివరికి, "రెండూ మాట్లాడతానండీ. ముందు రైలు, తర్వాత విత్తనం. విత్తనం చివర్న పడితే అందరికీ గుర్తుంటుంది," అన్నారు. నేను రాశాను. రైలు గురించి నిజంగానే కవిత్వంలా వచ్చింది.

మర్నాడు నేను ఆఫీసు గదిలో టీవీలో చూస్తున్నాను. ఈయన పేరు పిలిచారు, లేచారు. సరిగ్గా అప్పుడే ఎవరో సభ్యులు ఇంకేదో విషయం మీద అట్టలు పట్టుకుని నినాదాలు మొదలుపెట్టారు. స్పీకరుగారు బతిమాలుతున్నారు. ఈయన పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాట వినపడటం లేదు. సమయం పోతోంది. అప్పుడు ఆయన కాగితం కింద పెట్టారు. చెయ్యి ఎత్తి బల్ల మీద ఒక్కటి చరిచారు.

"సైలెన్స్! సిట్ డౌన్! ఆల్ ఆఫ్ యూ!"

మైకుతో పని లేని గొంతు అది. మూడు తరాల పిల్లల్ని గడగడలాడించిన గొంతు. మీరు నమ్మరు, సభ ఆగిపోయింది. అట్టలు పట్టుకున్నవాళ్ళు అట్టలు దించారు. ఒక మంత్రిగారు ఫోను జేబులో దాచుకోవడం టీవీలో స్పష్టంగా కనిపించింది. వెనక ఎవరో నిజంగానే కూర్చున్నారు. దేశమంతా ఒక పర్చూరు లెక్కల మాస్టారి వైపు తిరిగి, ఏం చెబుతాడా అని చూస్తోంది.

ఆయన గొంతు సవరించుకుని రైలు గురించి చెప్పారు.

గౌరవనీయులైన అధ్యక్షా అన్నారు, గౌరవనీయులైన మంత్రివర్యా అన్నారు, మా ప్రాంత రైతు సోదరులు అన్నారు. ఎక్స్‌ప్రెస్ ఒక్క నిమిషం ఆగితే ఎన్ని జీవితాలు ముందుకు కదులుతాయో నేను రాసిందంతా, ఒక్క విశేషణం వదలకుండా, నిదానంగా చదివారు. పీరియడ్‌లో ఎంతసేపు మిగిలిందో గడియారం చూడకుండా చెప్పగల మనిషి, ఏ గంటకీ పాఠం మిగల్చని మనిషి. స్పీకరుగారు గంట కొట్టారు. విత్తనాలు మిగిలిపోయాయి. "థాంక్యూ సార్" అని కూర్చున్నారు.

ఆ సాయంత్రానికి ఆయన దేశమంతా ప్రసిద్ధుడు. పార్లమెంటుని నోరు మూయించిన మాస్టారు అని ఫోన్లలో ఆ ముక్క తిరిగింది. హిందీ చానెళ్ళ వాళ్ళు వచ్చి చేతికి బెత్తమిచ్చి ఫొటోలు తీసుకున్నారు. ఏదో ఊళ్ళో కోచింగ్ సెంటర్ వాళ్ళు సన్మానం చేశారు. విత్తనాల గురించి ఒక్కరూ అడగలేదు. అడగడానికి వాళ్ళకి తెలియదు కదా, ఈయన చెప్పలేదు. "వచ్చే సమావేశాల్లో తప్పకుండా," అన్నారు నాతో. వచ్చే సమావేశాల్లో ఆయనకి మళ్ళీ సమయం దొరకలేదు. రైలు మాత్రం దొరికింది. మంత్రిగారికి కూడా ఆ గొంతు నచ్చిందేమో, కొద్ది నెలల్లో హాల్టు మంజూరైంది.

మొదటి రైలు ఆగే రోజు స్టేషన్లో సభ పెట్టారు. షామియానా, దండలు, బ్యాండు మేళం, మిల్లాయన మనుషులు తోలుకొచ్చిన జనం. ఎక్స్‌ప్రెస్ వచ్చేలోపు ప్రసంగాలు అయిపోవాలి. ప్లాట్‌ఫారం చివర ఆ మిరప రైతులు వచ్చి నిలబడ్డారు. ఏ గొడవా లేదు. వాళ్ళ దగ్గర అట్టల్లేవు, నినాదాల్లేవు. పోలీసులు ఒకసారి చూసి వదిలేశారు. మిల్లాయన తన గురువుగారి గురించి గొప్పగా చెప్పి మైకు ఇచ్చాడు.

మాస్టారు లేచి, "సోదర సోదరీమణులారా," అన్నారు.

ఆ కౌలుకామె చూపుడువేలు ఎత్తి తన పెదవుల మీద అడ్డంగా పెట్టుకుంది. క్లాసులో అల్లరి చేస్తే మాస్టారు "వేలు నోటి మీద!" అంటారు. అంటే ఆయన తియ్యమనేదాకా వేలు తియ్యకూడదు, మాట్లాడకూడదు. మా బడిలో చదివిన ప్రతివాడికీ తెలుసు. ఆమె పక్కనున్నాయన పెట్టుకున్నాడు. అతని పక్కనున్నాయన పెట్టుకున్నాడు. నెరిసిన మీసాలవాళ్ళు, తలగుడ్డలవాళ్ళు, ఆడవాళ్ళు, వరసగా అందరూ నోటి మీద వేలేసుకుని ఆయన్నే చూస్తూ నిలబడ్డారు. తోలుకొచ్చిన జనంలో కూడా పాత విద్యార్థులు ఉన్నారు కదా, కొందరి చేతులు వాటంతటవే లేచాయి. బ్యాండువాళ్ళలో ఒకడు కూడా పెట్టుకున్నాడు. ఇదంతా ముందే అనుకున్నారో, ఆమెకి అప్పటికప్పుడు తోచిందో, నాకు ఈ రోజుకీ తెలియదు.

మాస్టారు ఆగారు. ఒక్క మాట, "వేళ్ళు తీయండి, చెప్పండి" అంటే చాలు. అనలేదు. కాగితం వైపు చూసి మిగతాది చదివారు. చప్పట్లు కొట్టాల్సిన చోట ఆగారు. ఎవరూ కొట్టలేదు, చేతులు ఖాళీ లేవు. మిల్లాయనకి కృతజ్ఞతలు చెప్పారు. రైలు వచ్చింది, పచ్చజెండా ఊపారు. చీరాల దాకా ఎంపీగారు ఆ రైల్లో ప్రయాణం చేస్తారని కార్యక్రమంలో ఉంది కాబట్టి ఇద్దరం ఎక్కాం. ఆ స్టేషన్లో మేం తప్ప ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు.

మాస్టారు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. పత్తి చేలు వెనక్కి పోతున్నాయి.

"చూశారా?" అన్నారు.

"చూశానండీ."

"ఏం క్రమశిక్షణ! ఒక్కడు కదిలాడా?" అని, కమ్మీ మీద చెయ్యి మార్చుకుని, "నేను నేర్పిందేనండీ," అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క ఫోనులో అంతా చూసేసి ఉంది. అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, అప్పుడు అడిగింది.

"పిల్లల్ని ఎందుకు నోరు మూసుకోమంటామండీ మనం?"

ఆయన మజ్జిగన్నం కలుపుకుంటున్నారు. అక్కే జవాబు చెప్పింది.

"మనం చెప్పేది వినపడాలని. వాళ్ళు ఊరుకున్నారు. పార్లమెంటు కూడా ఊరుకుంది. మీరు ఏం చెప్పారు?"

నేను చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

తర్వాతి ఎన్నికల్లో టికెట్టు బ్యాంకు ఆఫీసరుకే ఇచ్చారు. ఆ కబురు మాకు టీవీలో తెలిసింది. మిల్లాయన శాలువా తీసుకుని వచ్చి, "మీరు మాకు ఎప్పటికీ మాస్టారేనండీ" అని కప్పి, కాళ్ళకి దణ్ణం పెట్టకుండా వెళ్ళాడు. అవసరం తీరాక వంగడం ఎందుకు, నడుం నొప్పి. కారు పోయింది, గన్‌మ్యాన్ పోయాడు, పొద్దున్నే గుమ్మం ముందు కుప్పపడే చెప్పుల జతలు పోయాయి. మాస్టారు ఇంటి దగ్గరే కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవారు. నేను బడికి తిరిగి వెళ్ళి, రిటైరయ్యాను.

విత్తనాల సంగతి రైతులే చూసుకున్నారు. గుంటూరులో వినియోగదారుల కోర్టులో కేసు వేశారు. అది వాయిదాల మీద వాయిదాలు నడుస్తుండగా ఒకరోజు మాస్టారు ఫోను చేశారు. "సాక్ష్యం చెప్తానని వాళ్ళ లాయరుకి కబురు పెట్టానండీ. మీరు కూడా రండి, తోడుగా." ఆయన్ని ఎవరూ పిలవలేదు. తనంతట తనే వెళ్ళారు.

ఆ కోర్టులో ఎక్కువ భాగం కాగితాల మీదే నడిచిపోతుంది. కంపెనీ లాయరు పట్టుబట్టి ఆయన్ని ప్రశ్నించడానికి అనుమతి తీసుకున్నాడు. మాజీ ఎంపీని నిలబెట్టి అడగడం అతనికీ సరదాగానే ఉన్నట్టుంది. రైతులు వెనక నిలబడి ఉన్నారు, కౌలుకామె కూడా. మాస్టారు ఆ పొద్దున వాకిట్లో చూసిందంతా చెప్పారు. చెట్టు, ఆకు, రాలిన పూత, పక్క చేను. లాయరు చిరునవ్వుతో లేచాడు.

"ఇంత అన్యాయం కళ్ళారా చూశానంటున్నారు. అప్పుడు మీరు ఎంపీ. రైతుల చర్చలో మాట్లాడారు కూడా, దేశమంతా చూసింది. ఆ రోజు విత్తనాల మాట ఎందుకు ఎత్తలేదు?"

"సమయం చాలలేదు," అన్నారు మాస్టారు. అని, తల అడ్డంగా ఊపి, "కాదు. అది తప్పు సమాధానం," అన్నారు. "భయపడ్డాను."

"ఎవరికి?"

"నా దగ్గర చదువుకున్నవాడికి."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈసారి ఆయన ఎవరినీ నిశ్శబ్దంగా ఉండమనలేదు. లాయరు నవ్వు కాస్త తగ్గింది గానీ వదల్లేదు. "ఆ రైలు ప్రసంగం చాలా బాగుంది. మీరే రాసుకున్నారా?"

మాస్టారు నావైపు చూడలేదు. "రాసింది ఎవరైతేనేమండీ. చదివింది నేను."

ఆయన చూడలేదు గానీ, వెనకున్నవాళ్ళందరూ చూశారు.

బయటికి వచ్చాక రైతుల లాయరు, కుర్రాడు, విసుక్కున్నాడు. "చెట్ల గురించి చెప్పింది చాలు కదా సార్. భయపడ్డానంటే మన కేసుకి ఏం లాభం?" మాస్టారు "నిజమే బాబూ" అన్నారంతే. ఆ కేసు రైతులు గెలిచారు. కంపెనీ పైకోర్టుకి వెళ్ళింది. ఇప్పటికీ నడుస్తోంది. కంపెనీ పేరు మార్చుకుని అదే విత్తనం అమ్ముతోంది, బ్యాంకు ఆఫీసరుగారు వెళ్ళి కొత్త షోరూమ్‌కి రిబ్బను కత్తిరించారు.

ఆ సాక్ష్యం రోజున రైతులు మిర్చి బస్తాలు తోలే ట్రాలీ ఆటోలో వచ్చారు. అందరూ వెనక ఎక్కి సర్దుకుంటున్నారు. మాస్టారు నాతో పాటు బస్టాండు వైపు తిరిగారు. ఆటోలోంచి ఆమె పిలిచింది.

"సార్, ఎటు పోతన్నారు? రండి, ఎక్కండి. ఇంటికాడ దింపుతాం."

ఆయన నిలబడిపోయారు. ఆమె చెయ్యి చాపింది. ఒకాయన కిందికి దూకి వెనక నుంచి ఎత్తాడు. తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలిగిపోయింది. ఖాళీ గోతాల మీద చతికిలబడగానే మిర్చి ఘాటు లేచి, ఆయన వరసపెట్టి తుమ్మడం మొదలుపెట్టారు. ఆ గొంతుకి తగ్గ తుమ్ములు. ఆటో అంతా నవ్వులు. ఆయన కూడా నవ్వారు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

నేనూ ఒక అడుగు ముందుకేసి కమ్మీ పట్టుకున్నాను.

"చోటు లేదండీ తెలుగు మాస్టారూ," అందామె.

ఆటోలో ఇంకా ముగ్గురు పడతారు. నేను కమ్మీ వదిలేసి బస్టాండుకి నడిచాను.